చప్పుడు లేని బండి

ఎత్తు దాటి పల్లం మొదలవగానే మాస్టారి కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి కిందికి దిగి తాళంచెవి తిప్పేసింది. ఇంజను ఆగిపోయింది. ఇక అక్కడినుంచి స్కూటరు తన బరువుతో తనే జారుకుంటూ పోతుంది, అంతమేర పెట్రోలు మిగులుతుంది. ఈ పని ఆయన ఎన్నేళ్లనుంచో చేస్తున్నాడు. జారిన కళ్లజోడు పైకి తోసుకున్నట్టు చేస్తాడు. చెయ్యి వెళ్లి వస్తుంది, మనిషికి ఆ సంగతి పట్టదు.

పట్టకపోవడానికి ఆయనేమీ దారినపోయే దానయ్య కాదు. ఆ చుట్టుపక్కల వీధుల్లో ఏ ఆడమనిషి స్కూటరెక్కినా అది ఆయన చలవే. మైదానంలో రేకుల షెడ్డు కింద నిలబడి, వచ్చిన ప్రతి బ్యాచికీ వేలు ఊపుతూ చెప్తాడు: "పల్లంలో ఇంజను ఆపామా, హారన్ ఉండదు, బ్రేకు లైటు ఉండదు. చప్పుడు ఉండదు కాబట్టి మీరొస్తున్నట్టు ఎదుటివాడికి తెలీదు. చుక్క పెట్రోలు కోసం మనిషిని చంపుతారా అమ్మా?" వినేవాళ్లకి ఒళ్లు జలదరిస్తుంది.

వెనక సీటులో కూర్చునే భార్య ఒకసారి అడిగింది కూడా. "వద్దని మీరే చెప్తారు కదండీ?" అంటే, "అది నేర్చుకునేవాళ్లకి. చెయ్యి తిరిగినవాళ్లకి కాదు" అన్నాడు. ఆమె మళ్లీ ఆ ఊసెత్తలేదు. పెళ్లయ్యాక ఆమె ఒకసారి అడిగి ఊరుకున్నవాటిలో ఇదీ ఒకటి.

ఆ వేళ ఆమె మనసు గాల్లో ఉంది. సోమవారం మైదానంలోనే లైసెన్సు టెస్టు. ముందురోజు అక్కడ ముగ్గుపిండితో గీసిన ఎనిమిదంకె మీద కాలు కింద పెట్టకుండా, గీత తొక్కకుండా తిరిగింది. మాస్టారు కూడా "ఊఁ" అన్నాడు. ఆయన నోట ఊఁ అనిపించుకోవడం అంటే మాటలు కాదు. ఆ సంతోషంలో ఇంటి దగ్గరే హెల్మెట్ పెట్టేసుకుని వెనకెక్కి కూర్చుంది. మాస్టారి తల మీద ఏమీ లేదు. మైదానమెంత దూరమని? బండికి ముందూ వెనకా ఎర్రటి ఎల్ బోర్డులు అలాగే ఉన్నాయి.

పల్లం చివర రోడ్డు మలుపు తిరుగుతుంది. మలుపు మీద పాల బూతు. బూతు నడిపే పాలావిడ ఖాళీ ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చి పొట్టకి ఆనించుకుని, వ్యాను ఆగే అవతలి పక్కకి దాటుతోంది. వీపు ఇటుంది. అంత బరువు మోస్తూ మెడ తిప్పడం కుదరదు కాబట్టి ఆమె చెవులతోనే రోడ్డు దాటుతుంది. పైనుంచి ఏది వచ్చినా రొద చేస్తూనే వస్తుంది మరి.

భార్య ఆయన భుజం మీదుగా చూసింది. "ఏవండీ!" అని అరిచింది.

మాస్టారి బొటనవేలు హారన్ నొక్కింది. మళ్లీ నొక్కింది. అది మూగగా లోపలికి వెళ్లి బయటికొచ్చింది. అప్పుడు కంగారులో ముందు బ్రేకు ఒక్కటే పిడికిలి బిగించి పట్టేశాడు. అలా పట్టకూడదని కూడా ఆయనే చెప్తాడు.

ట్రేలు దడదడమంటూ రోడ్డంతా దొర్లాయి. హెల్మెట్ అంచు తారుకి గీసుకుని ఆమె చెవిలో గీమంది. లేవబోతే మోకాలు సహకరించలేదు. అలా పడుకునే చూసింది. మాస్టారు లేచాడు. ముందు ఆమె దగ్గరికి రాలేదు, పాలావిడ దగ్గరికీ వెళ్లలేదు. పక్కకి పడున్న బండి మీదికి వంగి తాళంచెవి తిప్పాడు. మీటరు మీద చిన్న దీపం వెలిగింది. అప్పుడు "అయ్యో అయ్యో" అంటూ ఇటు తిరిగాడు.

జనం పోగయ్యారు. పేపర్లు వేసేవాడు సైకిలు గోడకి ఆనించి వచ్చాడు. నడకకి వెళ్లొస్తున్న పెద్దమనుషులు ఇద్దరు వచ్చారు. పాలావిడ భుజం పట్టుకుని మూలుగుతోంది. "ఎవరు నడిపింది?" అని ఎవరో అడిగారు. అందరి కళ్లూ ఎల్ బోర్డు మీదికి వెళ్లాయి, అక్కణ్ణుంచి ఆమె నెత్తి మీది హెల్మెట్ మీదికి వచ్చాయి. ఇక ఆ ప్రశ్నకి జవాబు అవసరం లేకపోయింది.

"నేర్చుకుంటోందండీ..." అన్నాడు మాస్టారు. "వెనక నేనున్నా కూడా..." అని ఆపేశాడు. మిగతా వాక్యం జనమే పూర్తి చేసుకున్నారు.

"పొద్దుటే రద్దీలో ఆడవాళ్ల చేతికి బండి ఇస్తారా మాస్టారూ! మీది మరీ మంచితనం!"

ఆమె నోరు తెరిచింది. మాస్టారు పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. చూసేవాళ్లకి ఓదార్పులాగే ఉంది. బొటనవేలు మాత్రం గట్టిగా నొక్కింది. రెండుసార్లు నొక్కింది, ఇందాక హారన్ నొక్కినట్టే. ఆమె నోట కూడా చప్పుడు రాలేదు.

*

ఇంటికొచ్చాక మాస్టారు వేడినీళ్లు కాచి, దూది ముంచి, ఆమె మోకాలి మీద ఇసుక రేణువులు ఒక్కొక్కటీ తీశాడు. చెడ్డవాడైతే ఆమెకి సులువుగా ఉండేది. ఆయన చెడ్డవాడు కాడు, అదే వచ్చిన చిక్కు.

"పాలావిడకి భుజం ఎముక చిట్లింది. ఆస్పత్రి ఖర్చంతా మనదే అని చెప్పేశాను. కేసూ గీసూ అనలేదు పాపం" అన్నాడు దూది పిండుతూ.

ఆమె గోడకేసి చూస్తూ కూర్చుంది.

"చూడు, నేను నడిపానని తెలిస్తే ఏమవుతుంది? బండి నేర్పేవాడే మనిషిని గుద్దాడంటారు. రేపటినుంచి మైదానంలో పిట్ట కూడా వాలదు. బోర్డు పీకి ఇంట్లో పెట్టుకోవాలి. అదే నువ్వనుకో, ఏముంది? కొత్తగా నేర్చుకుంటోంది, పొరపాటైంది అంటారు. నాలుగు రోజులు అనుకుంటారు, ఊరుకుంటారు."

"నేను గుద్దలేదు కదండీ" అంది ఆమె.

"గుద్దావని నేనన్నానా? ఒక్క ముక్కైనా అన్నానా? వాళ్లే అనుకున్నారు."

అదీ నిజమే. ఆయన అబద్ధం ఆడలేదు. ఖాళీ వదిలాడు, అందులో ఆమెని నిలబెట్టారు.

కట్టు కట్టాక వాకిట్లోకి వెళ్లి ఎల్ బోర్డులు రెండూ విప్పి తెచ్చి మేకుకి తగిలించాడు. తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. "సోమవారం టెస్టు వద్దులే. మనిషి కట్టు కట్టుకుని ఎదురుగా తిరుగుతుంటే నువ్వు లైసెన్సు తెచ్చుకుంటే బావుండదు. ఆరు నెలలు పోనీ."

ఆమె ఉలిక్కిపడింది. ఆరు నెలలు! రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు వెనక సీసాలకి చీటీలు అంటించీ అంటించీ ఆమెకి వేళ్లు జిగురైపోయాయి. సూది గుచ్చడం నేర్చుకుంది. దొరకని నరాలు కూడా ఆమె వేలికి దొరుకుతాయి, పసిపిల్లల తల్లులు ఆమే కావాలని అడుగుతారు. ఇళ్లకి వెళ్లి శాంపిల్స్ తెచ్చే అమ్మాయి మానేసింది. లైసెన్సు చూపిస్తే ఆ పని ఆమెది. లేకపోతే ఇంకొకరిది. ఆ విషయం మాస్టారికీ తెలుసు. ఆమెని మైదానానికి తీసుకెళ్లిందే అందుకు.

"నా ఉద్యోగమో?" అంది.

"ఎక్కడికీ పోదులే" అన్నాడు, జేబు మీద చెయ్యి వేసుకుని.

సాయంత్రం ఆడపడుచు ఫోను చేసింది. వార్తలకి కాళ్లుండవు గాని వదిన మీది వార్తలకైతే రెక్కలే ఉంటాయి. "వదినా, దెబ్బలేం తగల్లేదు కదా? నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను, ఈ వయసులో నీకెందుకు ఆ సర్కస్ అని. అన్నయ్య పేరు ఏం కాను చెప్పు? పాపం అన్నయ్య కాబట్టి పల్లెత్తు మాట అనలేదు."

"అవును, ఏమీ అనలేదు" అంది ఆమె. అంతకన్నా నిజం ఆ రోజు ఆమె మాట్లాడలేదు.

*

మర్నాడు కుంటుకుంటూ ల్యాబుకి వెళ్తే, పెద్ద మేడమ్ లోపలికి పిలిచి కూర్చోమంది. కూర్చోమన్నదంటేనే ఆమెకి అర్థమైపోయింది.

"విన్నానమ్మా. నీ చెయ్యి మంచిదే, కాదనను. కానీ ఇరవై ఇళ్ల రక్తం ఒక పెట్టెలో పెట్టుకుని రోడ్డు మీద పడ్డావనుకో, మళ్లీ అందరికీ సూదులు గుచ్చాలి. సరే, సోమవారం టెస్టు ఉందన్నావు కదా, అదైనా పాసై రా. కాకపోతే ఇక నేనేం చెయ్యలేను."

బయటికొచ్చి చీటీల కట్ట ముందేసుకుంది. అంటించిన చీటీ మీదే ఇంకొకటి అంటించింది.

పని అయ్యాక తిన్నగా పాల బూతుకి వెళ్లింది. పాలావిడ మెడకి వేలాడేసిన కట్టుతో స్టూలు మీద కూర్చుని ఒంటిచేత్తో పాకెట్లు అందిస్తోంది. ఈమెని చూసి మొహం చిట్లించింది.

"వచ్చావా? రా తల్లీ. నిన్నట్నుంచీ ఒక్క మాట అడగాలని చూస్తున్నాను. హారన్ ఎందుకు కొట్టలేదు?"

ఆమె బూతు గట్టు మీది తడి చూస్తూ నిలబడింది.

"కొడితే నీ సొమ్మేం పోయేది? ఒక్కసారి పీ అనుంటే పక్కకి దూకేదాన్ని కదా! వీపు చూసి కూడా గుద్దుతారా మనిషిని? నా భుజానికి రాత్రంతా సలుపు. పక్కకి తిరిగి పడుకోలేను, లేచి కూర్చోలేను. అడిగితే మాట్లాడవేం? నోట్లో ఏం పెట్టుకున్నావు?"

పాలు కొనడానికొచ్చినవాళ్లు ఆగి వింటున్నారు. ఒకావిడ తన పిల్లని కాస్త పక్కకి లాక్కుంది. బండి ఇంట్లో ఉంది, ఈమె కాళ్ల మీద నిలబడి ఉంది, అయినా లాక్కుంది. ఆమె అది చూసింది.

"పొద్దున ట్రేలు ఎవరు దింపుతున్నారు?" అని మాత్రం అడిగింది.

"ఎవరు దింపుతారు? వ్యాను వాడు రోడ్డు మీద పడేసి పోతున్నాడు. వచ్చేపోయేవాళ్లని బతిమాలుకుంటున్నాను."

"రేపట్నుంచి నేనొస్తాను."

పాలావిడ ఎగాదిగా చూసింది. "ఆ మోకాలితోనా? సరే, రా. మొహమాటపడి వద్దంటాననుకోకు. నువ్వే కదా విరగ్గొట్టావు."

*

తెల్లవారుతూండగా వ్యాను వచ్చింది. నిండు ట్రే బరువు ఆమె అనుకున్నంత కాదు, అంతకు మించి. అంచులు వేళ్లలో దిగుతున్నాయి. మంచులాంటి నీళ్లు చీర మీద కారుతున్నాయి. చేతులతో ఎత్తబోతే, "నడుం పోతుంది. ముందు తొడ మీదికి తెచ్చుకో, అక్కణ్ణుంచి లేపు" అంటూ పాలావిడ స్టూలు మీంచే అజమాయిషీ చేసింది. కాసేపటికి తిట్టడం తగ్గించి, నవ్వడం మొదలుపెట్టింది. "సూదులు గుచ్చే చేతులకి పాల ట్రేలు! నా రక్తం తియ్యాల్సొస్తే మాత్రం నువ్వు రాకు తల్లీ, కక్ష తీర్చుకుంటావు" అంది.

చివరి ట్రే పట్టుకుని ఆమె రోడ్డు మధ్యకి వచ్చింది. అప్పుడు తెలిసింది. అంత బరువుతో మెడ తిరగదు. చెవులు రిక్కించింది. పైన రోడ్డు మీద ఏ అలికిడీ లేదు. అడుగు వెయ్యబోయింది.

"ఆగు!" అని పాలావిడ కేక పెట్టింది.

గాలి కొట్టినట్టైంది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లోంచి ఒక స్కూటరు జారిపోయింది. చిన్న కిర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మలుపు తిరిగి, రోడ్డు చదునయ్యాక, నడిపేవాడి కుడిచెయ్యి కిందికి దిగి తాళంచెవి తిప్పింది. ఇంజను బుర్రుమంది. మాస్టారు వీపు నిటారుగా పెట్టుకుని మైదానం వైపు వెళ్లిపోయాడు. ట్రే వెనకున్న మనిషి ఎవరో కూడా ఆయన చూడలేదు.

ఇద్దరూ ఆ వీపు కనబడినంతసేపూ చూశారు. ఆమె ట్రే తెచ్చి దింపింది. పాకెట్లు సర్దడం మొదలుపెట్టింది. సరిగ్గానే ఉన్నవి తీసి మళ్లీ సర్దింది.

"ఇంజను ఆపేసి దిగుతాడా మీ ఆయన?" అంది పాలావిడ.

"ఊఁ."

"రోజూనా?"

"రోజూ."

"అప్పుడు హారన్ మోగదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఒకతను వచ్చి రెండు పాకెట్లు అడిగితే పాలావిడ చిల్లర కూడా ఇవ్వడం మరిచిపోయింది. అతను వెళ్లాక, "నువ్వు నేర్చుకునేటప్పుడు ఈ పల్లం దిగేదానివి కదా, మొన్నటిదాకా. నాకు వినబడేది. చీమ నడిచినట్టు నడుపుతోంది, ఎప్పటికి మైదానం చేరుతుందో అని నవ్వుకునేదాన్ని" అంది. ఆగి, "ఆ రోజు ముందు కూర్చుంది నువ్వు కాదు" అంది.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు రోజులుగా రానివి ఇప్పుడొచ్చాయి.

"ఏడిస్తే నా భుజం అతుక్కోదు. నోరు లేదా నీకు? నిన్ను నానా మాటలూ అన్నానే, వింటూ నుంచున్నావే!"

"ఆయన స్కూలు మూతపడుతుందన్నారు."

"మరి నీ ఉద్యోగం? దానికి తలుపులు లేవా మూతపడ్డానికి?" పాలావిడకి ఒళ్లు మండిపోయింది. "వెళ్లి నాలుగు దులపనా ఆయన్ని? దులుపుతాను, నాకేం భయం. కానీ ఎవరు నమ్ముతారు? నా వీపుకి కళ్లున్నాయా? చూసింది నువ్వొక్కదానివే. నేనైతే హారన్ ఎందుకు కొట్టలేదని ఇంకోసారి అడుగుతాను. ఎవరు నడిపారో వాళ్లనే అడుగుతాను. వాళ్లెవరో నువ్వు తేల్చుకో."

*

ఆదివారం మైదానంలో కొత్త బ్యాచి. మాస్టారు ఆమెని కూడా రమ్మన్నాడు. "ఊరికే కూర్చుందువుగాని. నిన్ను చూస్తే వాళ్లకి భయం ఉంటుంది, జాగ్రత్తగా నేర్చుకుంటారు" అన్నాడు. ఆ మాటలో ఏముందో ఆయనకి తోచలేదు. ఆమె మాత్రం దువ్వెన తలలో అలాగే ఉంచుకుని కాసేపు అద్దంలో తనని తను చూసుకుంది. తర్వాత బయల్దేరింది.

రేకుల షెడ్డు కింద బెంచీల మీద ఆడవాళ్లు కూర్చున్నారు. ఒళ్లో హెల్మెట్లు, మొహాల్లో బెరుకు. మాస్టారు పాఠం ఎత్తుకున్నాడు. బండెక్కే ముందు స్టాండు తీశామా, అద్దాలు సరిచేసుకున్నామా, బ్రేకులు రెండూ కలిపి మెల్లగా పట్టాలి, ముందుది ఒక్కటే పడితే బండి మనల్ని దింపేసి తను వెళ్లిపోతుంది. అందరూ నవ్వారు. బాగా చెప్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

"ఇక పల్లం" అన్నాడు వేలు ఎత్తి. "పల్లంలో ఇంజను ఆపామా..." అని, గొంతు తగ్గించి, వెనక బెంచీ వైపు చూశాడు. "ఎందుకు, మన ఇంట్లో మనిషే ఉంది ఉదాహరణకి. నా భార్యే. ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. మొన్న పల్లంలో ఇంజను ఆపేసింది. హారన్ మోగలేదు, పాపం పాలావిడకి భుజం పోయింది. మాస్టారి భార్య అని చెప్పి రోడ్డు ఊరుకుంటుందా అమ్మా?"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఒకావిడ చుచ్చుచ్చు అంది.

మొన్న ఖాళీ వదిలాడు. ఇవాళ అందులో అక్షరాలు కూడా తనే రాశాడు. ఆమె లేచి నిలబడింది. అరుస్తుందేమోనని మాస్టారు ఒక్క క్షణం తడబడ్డాడు. ఆమె అరవలేదు.

"ఎలా దిగాలో చూపించనా?" అంది.

బ్యాచి ముందు కాదంటే బావుండదు. తాళంచెవి ఇచ్చాడు. మైదానం చివర పల్లం నేర్పడానికని పోయించిన మట్టిదిబ్బ ఉంది. ఆమె హెల్మెట్ పట్టీ బిగించింది, అద్దాలు చూసుకుంది, స్టాండు తీసింది. దిబ్బ ఎక్కి, పైన ఒక క్షణం ఆగి, ఇంజను పలుకుతూ ఉండగా రెండు బ్రేకులూ తేలిగ్గా పట్టుకుని దిగింది. కింద ముగ్గుపిండి గీత మీద ముందు చక్రం ఆపింది. బెంచీల మీదినుంచి చప్పట్లు.

"ఇది సరైన పద్ధతి" అంది బండి దిగి. "తప్పు ఎలా జరుగుతుందో నాకు చూపించడం రాదు. మాస్టారు చూపిస్తారు."

"నేనా?" అన్నాడు మాస్టారు.

"చూపించండి సార్" అంది ముందు వరసలో కూర్చున్న బ్యాంకు అమ్మాయి. "చూస్తే గుర్తుంటుంది."

మాస్టారు బండెక్కాడు. ఏం చూపించాలో ఆలోచిస్తూ దిబ్బ ఎక్కుతున్నట్టు మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆలోచన ఇంకా తెగనేలేదు. ముందు చక్రం శిఖరం దాటీ దాటగానే కుడిచెయ్యి హ్యాండిల్ వదిలి కిందికి దిగి, తిన్నగా తాళంచెవి మీదికి వెళ్లి తిప్పేసింది. కళ్లు ఇంకా ముందుకే చూస్తున్నాయి. ఇంజను ఆగాక ఆ నిశ్శబ్దంలో ఆయన తన చేతిని తనే చూసుకున్నాడు. కింద బండి ఆగేసరికి మొహంలో నెత్తురు చుక్క లేదు.

షెడ్డంతా చప్పట్లతో మోగింది.

"అబ్బ, ఎంత సహజంగా చేశారు సార్!" అంది బ్యాంకు అమ్మాయి. "మేడమ్ అచ్చం ఇలాగే చేసుంటారు!"

ఆమెకి నవ్వొచ్చింది. కళ్లెదుట చేసి చూపించినా తప్పు ఆమెదే అయింది. మాస్టారు తలెత్తి ఆమెని చూశాడు. ఆమె చూపు తప్పించలేదు, ఆయనే తప్పించాడు.

ఇంటికెళ్లాక ఆమె మేకుకున్న ఎల్ బోర్డులు తీసి బండికి ముందూ వెనకా కట్టింది. తాడు ముడి పళ్లతో బిగించింది. తర్వాత వచ్చి ఆయన ముందు చెయ్యి చాపింది. "రేపు టెస్టు" అంది. ఆయన ఏదో అనబోయి, జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చేశాడు.

*

సోమవారం ఆమె ముందు కూర్చుంది, మాస్టారు వెనక. ఎత్తు మీదికి వచ్చేసరికి ఆమె భుజం తట్టాడు. "ఒకసారి ఆపు."

ఆపింది.

"కింద బూతు దగ్గర జనం ఉంటారు. నిన్ను ముందు చూస్తే హడలిపోతారు, అనవసరంగా ఏదో ఒకటి అంటారు. మలుపు దాటేదాకా నేను నడుపుతాను. నువ్వు వెనక్కి రా" అన్నాడు. నీ మంచికే అన్నట్టు అన్నాడు. బండి దిగి ముందువైపుకి నడవబోయాడు.

వెనక సీటు బరువు తగ్గడం ఆమెకి తెలిసింది. అద్దంలో చూసింది, వెనక ఏ బండీ రావడం లేదు. కాళ్లు పైకి తీసుకుంది.

"ఏయ్, ఎక్కడికీ?" అని వినబడింది.

పల్లంలో ఇంజను పలుకుతూనే ఉంది. రెండు బ్రేకులూ వేళ్ల కింద మెత్తగా ఉన్నాయి. మలుపుకి ముందే హారన్ కొట్టింది. బూతు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు. పేపర్లు వేసేవాడు, నడక పెద్దమనుషులు, మొన్న పిల్లని లాక్కున్నావిడ. అందరూ గభాలున గట్టెక్కేశారు. పాలావిడ ఒక్కతే స్టూలు మీంచి కదల్లేదు. ఆమె బండి పక్కకి తీసి ఆపి, స్టాండు వేసి, హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"మాస్టారేరమ్మా?" అన్నాడు పేపర్లు వేసేవాడు.

"నడిచొస్తున్నారు."

"ఈవిడ వెనక కూర్చోవాలంటే ఆయనకే గుండెలు జారిపోయాయన్నమాట!" అన్నాడు పెద్దమనుషుల్లో ఒకాయన. అందరూ విరగబడి నవ్వారు.

ఆ నవ్వు అయిపోయేదాకా ఆమె ఆగింది.

"ఆ రోజు బండి నడిపింది నేను కాదు" అంది.

పిల్ల తల్లి, "ఇప్పుడు చెప్తున్నావేంటమ్మా? ఆ రోజే చెప్పొచ్చుగా?" అంది.

"చెప్పాల్సింది. చెప్పలేదు" అంది ఆమె. దానికి అలంకారాలేమీ పెట్టలేదు.

వాళ్ల మొహాల్లో నమ్మకం కనబడలేదు. మొగుడి మీదికి నెడుతోంది అన్న చూపే కనబడింది. అంతలో పైన మాస్టారు కనబడ్డాడు. చెమటలు తుడుచుకుంటూ పల్లం దిగుతున్నాడు. చెప్పులు కూడా చప్పుడు చెయ్యడం లేదు. బూతు దగ్గర మొహాలన్నీ తన వైపే ఉండడం చూసి, అలవాటు ప్రకారం చిరునవ్వు ఒకటి తగిలించుకున్నాడు.

ఆయన దగ్గరికొచ్చాక పాలావిడ కట్టులో ఉన్న చెయ్యి రెండో చేత్తో పట్టుకుని స్టూలు మీంచి లేచింది.

"మాస్టారూ, హారన్ ఎందుకు కొట్టలేదు?"

ఆయన అద్దంలో భార్య మొహం కోసం చూశాడు. ఆమె అద్దం సరిచేసుకుంటోంది. జనం ఎదురు చూస్తున్నారు.

"కొట్టాను. రెండుసార్లు నొక్కాను. పనిచెయ్యలేదు" అన్నాడు.

అన్నాక తెలిసింది ఏమన్నాడో. నోరు మూసుకున్నాడు గాని మాట బయటే ఉండిపోయింది. పేపర్లు వేసేవాడు ఎల్ బోర్డు వంకా ఆయన వంకా మార్చి మార్చి చూశాడు. పెద్దమనుషులు కళ్లు దించుకున్నారు. పిల్ల తల్లి పిల్ల చెయ్యి వదిలేసింది.

ఆమె తాళంచెవి తిప్పి హారన్ నొక్కింది. వదలకుండా నొక్కింది. మలుపంతా మోగింది.

"పనిచేస్తోందే" అంది పాలావిడ.

ఆమె బొటనవేలు తీసి ఇంజను స్టార్టు చేసింది. మైదానం ఆ రోడ్డు చివరే ఉంది, టెస్టుకి వచ్చినవాళ్లు వరసలో నిలబడడం ఇక్కడికే కనిపిస్తోంది.

"ఎక్కండి, టైమవుతోంది" అంది.

మాస్టారు వచ్చి వెనక కూర్చున్నాడు. ఇన్నేళ్లుగా ఆ బండి మీద ఆయనకి తెలిసిన చోట్లన్నీ ముందే ఉన్నాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు గాల్లో ఉంచి, ఒళ్లో పెట్టుకున్నాడు.

"వెనక కమ్మీ ఉంది. పట్టుకోండి" అంది ఆమె. ఆయన పట్టుకునేదాకా బండి కదిలించలేదు.